కాలవ శివారు ఇల్లు

"శివారు" అన్న మాటకి నిఘంటువు తిరగేస్తే పొలిమేర అనో, అంచు అనో అర్థం కనిపిస్తుంది. మన గోదావరి జిల్లాల్లో ఆ మాటకి ఇంకా బరువైన అర్థం ఉంది. "మాది శివారండీ" అని ఎవరైనా అంటే, తమ ఊరు ఎంత దూరమో చెబుతున్నారని అనుకోకూడదు. కాలవ నీళ్లతో పైవాళ్ల పొలాలన్నీ తడిసిన తరవాత, ఇంకా మిగిలితేనే తమ పొలానికి వస్తాయని చెబుతున్నారన్నమాట. తెలుగు పాఠం చెప్పుకునే వాణ్ణి గనక మాటల దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగిపోవడం నాకు అలవాటు. ఈ వారం ఆ ఒక్క మాట పట్టుకునే నాలుగు ముక్కలు చెబుతాను.

ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. దాని స్థానంలో ఇప్పుడున్న బారేజీ 1982 నాటికి సిద్ధమయింది. అక్కణ్ణించి తూర్పు డెల్టా, మధ్య డెల్టా, పశ్చిమ డెల్టా అని మూడు పాయలుగా కాలవలు బయలుదేరి సుమారు 10 లక్షల ఎకరాలు తడుపుతున్నాయి. పెద్ద కాలవలోంచి పిల్ల కాలవ, పిల్ల కాలవలోంచి బోదె, బోదెలోంచి మడి. ఈ దారిలో ఎన్ని తూములున్నాయో అన్ని ప్రలోభాలున్నాయి. పైరైతు తూము మరో గంట తెరిచి ఉంచితే తప్పేముంది, నీళ్లు బోలెడు పారుతున్నాయి గదా అనుకుంటాడు. అలా నూరుమంది అనుకుంటే చివరివాడి నారుమడి ఎండిపోతుంది. అంచేతనే నీటి ఎద్దడి వచ్చిన దాళ్వాలో వంతులు పెడతారు. ఆ వంతుల దగ్గర ఎన్ని తగాదాలు వస్తాయో, ఎంతమంది పెద్దమనుషులు గట్ల మీద పంచాయతీలు చేస్తారో నేను వేరే చెప్పక్కర్లేదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. వాతావరణ మార్పు అని రోజూ పత్రికల్లో చదువుతున్నాం, రేడియోలో, టీవీలో వింటున్నాం. ఉత్తర ధ్రువంలో మంచు కరుగుతోందంటే, అదేదో తెల్ల ఎలుగుబంట్ల కష్టం కాబోలు అనుకుని పేజీ తిప్పేస్తున్నాం. నన్నడిగితే, ఈ విషయం గోదావరి జిల్లాల వాళ్లకి అర్థమైనంత సులువుగా లోకంలో ఇంకెవరికీ అర్థం కాకూడదు. ఎందుకంటే, అది అచ్చంగా ఎగువకీ శివారుకీ ఉన్న తగాదాయే.

యంత్రాల యుగం రాకముందు గాలిలో పది లక్షల పాళ్లకి సుమారు 280 పాళ్లు బొగ్గుపులుసు వాయువు ఉండేది. ఇప్పుడది 420 దాటింది. బొగ్గు, పెట్రోలు, డీజిలు కాల్చిన పొగ అది. ఆ పొగ ఏ దేశం పైన పుట్టినా ఆ దేశం పైనే ఉండిపోదు. ఆకాశానికి గట్లు లేవు, లాకులు లేవు. ఎవరో ఎక్కడో తమ తూము బార్లా తెరిచి పెడతారు, దాని ఫలితం చివరనున్న వాళ్లు అనుభవిస్తారు. ఆ చివరనున్న వాళ్లెవరు అంటే, సముద్రం ఒడ్డున పల్లపు నేలల్లో కాపరముంటున్న వాళ్లు. మన డెల్టా వంటి నేలలన్నీ ఈ భూగోళానికి శివారు ఊళ్లే.

1901 నుంచి 2018 వరకూ లోకమంతటా సముద్ర మట్టం సగటున 20 సెంటీమీటర్లు పెరిగిందని శాస్త్రజ్ఞులు లెక్కగట్టారు. జానెడు పెరిగితే ఏమయిందిలే అనిపించవచ్చు. కాని మన నేల సంగతి కూడా చూడండి. డెల్టా అంటే నది తెచ్చి పోసిన ఒండ్రు. ఆ ఒండ్రు తన బరువుకి తానే అణిగిపోతూ ఉంటుంది. ఏటేటా వరదల్లో వచ్చే కొత్త మట్టి ఆ లోటు పూడుస్తూ ఉంటుంది. నాసిక్ దగ్గర త్ర్యంబకంలో పుట్టి 1465 కిలోమీటర్లు నడిచి వచ్చే గోదావరి మీదా, దాని ఉపనదుల మీదా ఎన్నో ఆనకట్టలు వెలిశాయి. మట్టి వాటి వెనకే ఆగిపోతోంది. ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు 2010లో ప్రకటించిన లెక్క ప్రకారం, 1970 దశకంలో ఏడాదికి సుమారు 15 కోట్ల టన్నుల ఒండ్రు మోసిన గోదావరి, 2000-2006 నాటికి 5 కోట్ల 70 లక్షల టన్నులే మోసింది. అంటే, సముద్రం మెట్టెక్కుతుంటే నేల మెట్టు దిగుతోందన్నమాట.

కాకినాడ నుంచి ఉప్పాడ వెళ్లే సముద్రపు రోడ్డు చూసిన వాళ్లకి దీనికి సాక్ష్యం అక్కర్లేదు. జాందానీ చీరలతో దేశమంతటా పేరు తెచ్చుకున్న ఆ ఊళ్లో, కెరటాలు ఇళ్లనీ రోడ్డునీ కోసుకుపోవడం చూస్తూనే ఉన్నాం. రాళ్లు వేశారు, ఇసక నింపిన పెద్ద పెద్ద గొట్టాలు అడ్డం పెట్టారు. సముద్రం వాటినీ తినేసింది.

ఒడ్డున ఉన్నవాళ్ల సంగతి అలా ఉంచి, కొంచెం లోపలున్న వాళ్ల బావి సంగతి చెబుతాను. తీరం దగ్గర ఊళ్లలో నేల అడుగున మంచినీరు ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. మంచినీరు తేలిక, ఉప్పునీరు బరువు. సముద్ర మట్టానికి ఒక అడుగు ఎత్తున మంచినీరు నిలిచి ఉంటే, అది కింద సుమారు 40 అడుగుల లోతు దాకా ఉప్పునీటిని అణచిపెట్టి ఉంచుతుందని శాస్త్రం చెబుతోంది. ఎంత మంచి బేరమో చూడండి! కాని ఈ బేరం తిరగబడినప్పుడు కూడా లెక్క అదే. పైన ఒక అడుగు నీరు తోడేస్తే, కింద నుంచి 40 అడుగులు ఉప్పు పైకొస్తుంది. మోటారు మీట నొక్కేటప్పుడు ఈ లెక్క మనకి గుర్తుండదు. కాలవ నీరు తగ్గినా, వాన నీరు ఇంకకుండా సిమెంటు చేసినా, పక్కన ఉప్పునీటి రొయ్యల చెరువు తవ్వినా, సముద్రం పెరిగినా, ఈ నలుగురి దెబ్బా ఒకే బావి మీద పడుతుంది.

మా కాలేజీలో సముద్రం దగ్గరి ఊరి నుంచి వచ్చిన కుర్రాడొకడున్నాడు. ఒకరోజు పాఠంలో గోదావరి వర్ణన వచ్చింది. "ఏమోయ్, మీది గోదావరి ఒడ్డేగదా, నీకిది ఇంకా బాగా తెలియాలి" అన్నాను.

"ఆయ్, ఒడ్డేనండీ. కాని మాస్టారూ, మా ఊరికి కాలవ వస్తుంది గాని నీళ్లు రావండీ. వేసవిలో కాలవ కట్టేస్తే ట్యాంకరు కోసం మా అమ్మ బిందెలు వరసలో పెట్టి కూచుంటుందండీ. ఆ వర్ణన రాసినాయన ఎగువనుండి ఉంటాడండీ" అన్నాడు.

క్లాసంతా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది గాని, ఆ మాట మాత్రం మనసులోంచి పోలేదు. గోదావరి ఒడ్డున పుట్టినవాడి తల్లి మంచినీళ్ల కోసం ట్యాంకరుకి ఎదురుచూడడం నవ్వుకునే విషయం కాదు.

సరే, మనం శివారు వాళ్లం, మనకి అన్యాయం జరుగుతోంది అని గోల పెట్టవచ్చు. పెట్టాలి కూడా. సగటు భారతీయుడు ఆకాశంలోకి వదిలే పొగ, లోకపు సగటులో సగానికి కూడా రాదు. పెద్ద దేశాలు ముందు తమ తూములు దించాలి అనడంలో న్యాయం ఉంది. కాని న్యాయం అడగబోయేవాడు ముందు తన తూము వైపు ఒకసారి చూసుకోవాలి. ఎందుకంటే, ప్రతి శివారు వాడూ ఇంకొకరికి ఎగువ వాడే.

కాలవ గట్టున మన ఊళ్లలో జరిగేది చూడండి. వంటింటి చెత్త ప్లాస్టిక్ సంచీలో మూటగట్టి, పొద్దున్నే కాలవలోకి విసిరేస్తారు. అది కనబడకుండా పోతే ఇల్లు శుభ్రమయిందనుకుంటారు. ఆ మూట రెండు లాకులు దాటి ఎక్కడో ఒక తూము నోట్లో ఇరుక్కుంటుంది. మన మురుగునీరూ, పొలాల్లో ఎక్కువై కొట్టుకొచ్చిన ఎరువూ తిని గుర్రపుడెక్క కోటలాగ పెరుగుతుంది. అది పంట కాలవలో పెరిగితే శివారుకి నీళ్లు అందవు. మురుగు కాలవలో పెరిగితే శివారు చేలలోంచి నీళ్లు బయటికి పోవు. ఎండాకాలం ఎండబెట్టేదీ, వానాకాలం ముంచేదీ ఒకే మొక్క. 2011 సార్వాలో కోనసీమ రైతులు విసిగిపోయి పంట విరామం ప్రకటించారంటే గిట్టుబాటు ధర మొదలు చాలా కారణాలున్నాయి. లోపల నిలిచిపోయిన ముంపు నీరు కూడా వాటిలో ఒకటి.

ఇంతకంటె ఘోరం, వేసవిలో కాలవలు కట్టే ముందు ఊళ్లలో మంచినీళ్ల చెరువులు నింపుకునేది ఆ కాలవలోంచే. మనం విసిరిన మూటలోని రసం ఇంకొక ఇంట్లో పసిపిల్లవాడి గ్లాసులోకి వెళుతుందని తెలిస్తే ఏ తల్లీ విసరదు. తెలియకపోవడమే వచ్చిన చిక్కు.

ఈ సంగతులు చెబుతుంటే మా పక్కింటావిడ అడ్డుపడింది.

"అన్నయ్యగారూ, మీరు చెప్పేది బాగానే ఉంది. నేనొక్కదాన్ని అరటితొక్క కాలవలో వెయ్యడం మానేస్తే సముద్రం వెనక్కి పోతుందా?"

"పోదమ్మా. కాని మీ వీధిలో ముప్ఫై ఇళ్లవాళ్లూ మానేస్తే మీ కాలవ తూము తెరుచుకుంటుంది. ముందు అది చూద్దాం" అన్నాను.

"అయితే ఏం చెయ్యమంటారో విడమర్చి చెప్పండి. ఉపన్యాసాలు టీవీలో వింటూనే ఉన్నాం" అంది. ఆవిడ అడిగింది న్యాయమే. అంచేత ఆవిడకి చెప్పినవే ఇక్కడ రాస్తున్నాను.

మొదటిది, అన్నం. ఒక కిలో ధాన్యం పండాలంటే వానా, కాలవా కలిసి సుమారు 2500 లీటర్ల నీరు పొలంలోకి రావాలని వరి పరిశోధకులు లెక్క చెబుతారు. ఇంట్లో రోజుకో గుప్పెడు, అంటే 50 గ్రాముల బియ్యం అన్నం మిగిలి చెత్తలోకి పోతోందనుకోండి. ఏడాదికి 18 కిలోల బియ్యం. దానికి 27 కిలోల ధాన్యం కావాలి. నీళ్లు 67 వేల లీటర్లు! శివారు చేనుకి అందని నీళ్లలో మన ఎంగిలి కంచం వాటా కూడా ఉందన్నమాట. అదీగాక, నీరు నిలవగట్టిన వరిమడిలోంచి మీథేన్ అనే వాయువు పుడుతుంది, అదీ భూమిని వేడెక్కిస్తుంది. మడిని ఎప్పుడూ ముంచి ఉంచకుండా తడిపి, ఆరనిచ్చి, మళ్లీ తడిపితే మీథేన్ దాదాపు సగానికి తగ్గుతుందనీ, నీళ్లు 30 పాళ్ల దాకా ఆదా అవుతాయనీ అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ చెబుతోంది. పొలమున్న వాళ్లు మీ వ్యవసాయాధికారిని అడిగి చూడండి. పొలం లేనివాళ్లు ఎసరు పెట్టే ముందు ఇంట్లో ఎందరు తింటారో అడగండి. చద్దన్నం తినడం నామోషీ అనే పిల్లలకి మాత్రం ఈ లెక్క ఒకసారి వేయించండి.

రెండవది, చెత్త. తడిది వేరు, పొడిది వేరు, బ్యాటరీలూ పాత మందులూ లాంటివి ఇంకా వేరు చెయ్యాలని 2016 నాటి ప్రభుత్వ నిబంధనల్లోనే ఉంది. కలిపి కుప్పపోస్తే లోపల గాలి ఆడక కుళ్లి, అక్కడ కూడా మీథేనే పుడుతుంది. పెరడున్న వాళ్లు ఒక గొయ్యి తవ్వి తడి చెత్త వేసి, పైన ఎండుటాకులూ, కాస్త మట్టీ కప్పండి. కొబ్బరి పీచుకి మన దగ్గర కొదవా! అద్దె ఇంట్లో ఉన్నవాళ్లు చిల్లులు పెట్టిన కుండ వాడండి. రెండు మూడు నెలలకి మీ కరివేపాకు మొక్కే మీకు జవాబు చెబుతుంది. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ స్పూన్లూ, పళ్లేలూ, గ్లాసుల వంటివి 2022 జూలై 1 నుంచి దేశంలో నిషేధం. పెళ్లిళ్లకీ వ్రతాలకీ అరిటాకు మనకి కొత్త కాదుగదా.

మూడవది, కరెంటు. మనకి వచ్చే కరెంటులో ఎక్కువ పాలు ఇంకా బొగ్గుదే. సగటున ఒక యూనిట్ వెనక సుమారు 700 గ్రాముల బొగ్గుపులుసు వాయువు ఉంది. రాజమండ్రి ఎండలకి ఏసీ వద్దని చెప్పే ధైర్యం నాకు లేదు. 20 దగ్గర పెట్టి దుప్పటి కప్పుకోవద్దని మాత్రం చెబుతాను. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 పాళ్లు కరెంటు మిగులుతుందని ప్రభుత్వ ఇంధన పొదుపు సంస్థ లెక్క. 20 నుంచి 24కి జరిపితే నాలుగో వంతు మిగిలినట్టే. డాబా మీద తెల్ల సున్నం కొట్టించి, పడమటి కిటికీకి తడిపిన వట్టివేళ్ల తడక కడితే ఏసీకి కూడా కాస్త ఊపిరి ఆడుతుంది.

నాలుగవది, వాన. మన జిల్లాల్లో ఏడాదికి సగటున 1000 మిల్లీమీటర్లకి పైగా వాన పడుతుంది. 100 చదరపు మీటర్ల డాబా మీద పడే వాన అంతా కలిపితే లక్ష లీటర్ల పైమాటే. అదంతా గొట్టంలోంచి వీధి మురుగులోకి పోతోంది. ఇసకా, గులకరాళ్లూ నింపిన ఒక ఇంకుడు గుంత తవ్వి అందులోకి మళ్లించండి. మొదటి జల్లు మాత్రం డాబా కడిగిన నీరు గనక బయటికి వదిలెయ్యండి. తీరం దగ్గరి వాళ్లకి ఇది మరీ ముఖ్యం. ఇందాక చెప్పిన నలభై అడుగుల బేరం ఇక్కడ మన వైపు తిరుగుతుంది.

అయిదవది, ఇల్లు దాటి చెయ్యవలసింది. ఇంటి పొదుపుతో అంతా చక్కబడుతుందని చెబితే అది మోసం. ఆనకట్టల వెనక ఆగిన ఒండ్రు సంగతీ, ఊళ్ల మురుగు శుద్ధి సంగతీ, ఉప్పునీటి చెరువుల హద్దుల సంగతీ ప్రభుత్వాలు చూడాలి. కాని అడిగేవాళ్లు లేనిదే ఎవరూ చూడరు. పంచాయతీ సభకి మగవాళ్లని పంపి ఊరుకోకుండా, బిందె మోసేవాళ్లు కూడా వెళ్లి మంచినీళ్ల చెరువు గట్టు గురించి అడగాలి.

ఊరంతా కలిస్తే ఏమవుతుందో కోరంగి మడ అడవుల్లో చూడవచ్చు. 1839లో ఉప్పెన కోరంగి రేవుని తుడిచిపెట్టేసింది. 1996 నవంబరు 6 రాత్రి తుపాను వెయ్యిమందికి పైగా పొట్టన పెట్టుకుని, కోనసీమలో లక్షల కొబ్బరిచెట్లు పడగొట్టిన సంగతి మన తరం వాళ్లెవరూ మరిచిపోలేదు. అలాంటి కెరటాల వేగాన్ని వేళ్లతో పట్టి ఆపేవి మడ చెట్లు. కొన్నిచోట్ల పోటు నీరు ఎక్కక నేల చవిటిబారి, ఆ చెట్లే ఎండిపోయాయి. 1990ల చివర ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ, అటవీ శాఖ, తీరపు ఊళ్లవాళ్లు కలిసి, చేపముల్లు ఆకారంలో చిన్న చిన్న కాలవలు తవ్వారు. వాటిలోంచి పోటు నీరు అడవి శివారు దాకా చేరింది. మొక్కలు నాటారు, అవి బతికాయి. వాళ్లు చేసింది పెద్ద మంత్రమేమీ కాదు. నీళ్లు అందని చోటికి నీళ్లు అందేలా చూశారు, అంతే.

పిల్లలకి సెలవులిచ్చినప్పుడు సినిమాకి తీసుకెళ్లినట్టే, ఒకసారి మీ కాలవ వెంట శివారు దాకా తీసుకెళ్లండి. మనం పైన వదిలింది కింద ఎవరి గుమ్మం ముందు తేలుతోందో వాళ్లని చూడనివ్వండి. మనం పోయాక ఈ నేల మీద కాపరం చెయ్యవలసింది వాళ్లు. కాలం లెక్కలో వాళ్లది మనకంటె శివారు.

మా పక్కింటావిడ ఇంకా సముద్రం సంగతి నమ్మినట్టు లేదు. కాని మొన్న ఆదివారం నుంచి ఆవిడ పెరట్లో ఒక గొయ్యి కనిపిస్తోంది. పక్కవీధి వాళ్లు కూడా వచ్చి చూసి వెళుతున్నారట. కాలవలు కట్టేసిన రోజుల్లో మీ ఇంటి ముందరి బోదెలో ఏమేమి పడి ఉన్నాయో ఒకసారి చూడండి. మళ్లీ నీళ్లు వదిలే లోపల దాన్ని నలుగురూ కలిసి ఎత్తి పొయ్యండి. చివరి ఇంటావిడ మీకు తెలియకపోవచ్చు. ఆవిడ బిందె మాత్రం కాస్త ముందుగా నిండుతుంది.